గంజాయిని స్పిరిట్‌లో వేసి వడకట్టారా.. సీసా మొత్తం తూకమేస్తారు! చట్టం ఏం చెబుతోందంటే..

టీ జల్లెడ సరిపోతుందా? కాటన్ గుడ్డ మంచిదా? కాఫీ ఫిల్టర్ కాగితం అయితే ఇంకా క్లియర్‌గా వస్తుందా? విదేశీ వీడియోల్లో గంజాయి టింక్చర్ తయారీ చూసేవాళ్లకు వచ్చే డౌట్లు ఇవే. కెనడాలో 2018 నుంచి గంజాయి వాడకం చట్టబద్ధం కాబట్టి అక్కడివాళ్లు వంటల ప్రోగ్రాం చేసినట్టు చూపిస్తారు. అదే వీడియోని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అద్దె రూములో కూర్చుని చూసే కుర్రాడికి మాత్రం లెక్క వేరు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఈ నిర్వచనంలోకి రావు. "ఆకే కదా, కేసేం ఉండదులే" అని కొందరు ధీమాగా చెప్పేది దీన్ని పట్టుకునే. కానీ సారం తీసిన క్షణం నుంచి కథ మారిపోతుంది. గంజాయి జిగురు, దాన్నుంచి చిక్కబరిచిన సరుకు, పోలీసులు తరచూ పట్టుకునే హాష్ ఆయిల్.. ఇవన్నీ చరస్ కిందికి వస్తాయి. గంజాయి సారాలు, టింక్చర్లను కూడా నోటిఫికేషన్‌లో చరస్ వరుసలోనే పెట్టారు.

తేడా ఎంతో తెలుసా? గంజాయి అయితే కిలో వరకు 'తక్కువ పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. చరస్, టింక్చర్లకు వచ్చేసరికి ఆ లెక్క 100 గ్రాములు, ఒక కిలో. అంటే తక్కువ పరిమాణం పరిమితి పదో వంతుకు, వాణిజ్య పరిమాణం పరిమితి ఇరవయ్యో వంతుకు పడిపోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. "సీసాలో ఉన్నదంతా మందే కదా, గంజాయి ఎంతుంటుంది, ఒక చెంచాడు" అనుకుంటారు. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ వాదనకు కొంత ఊతం ఇచ్చింది. అసలు మత్తు పదార్థం ఎంతుందో దాన్నే లెక్కేయాలని అప్పట్లో చెప్పింది. 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువే లెక్క అని తేల్చేసింది.

ఒక 180 ఎంఎల్ క్వార్టర్ సీసానే తీసుకోండి. అందులోని మద్యం బరువే సుమారు 170 గ్రాములు. అంటే 100 గ్రాముల గీత ఎప్పుడో దాటేశారు. మీరు పిప్పి ఎంత శుభ్రంగా తీసేసినా, గుడ్డ ఎన్ని మడతలు వేసినా ఆ 170 గ్రాములు అక్కడే ఉంటాయి.

ఆ గీత లోపల ఉంటే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. దాటితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కిలో దాటితే పదేళ్ల నుంచి 20 ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. పైగా వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిల్ చాలా కష్టం. తెలిసీ ఇల్లు, రూము వాడుకోనిచ్చిన వాళ్లమీద కూడా 25వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. రూమ్మేట్ చేస్తున్నాడు, నాకేం సంబంధం అంటే కుదరకపోవచ్చు.

మన జిల్లాల్లో ఇది ఊరికే మాట కాదు. ఒకవైపు అల్లూరి జిల్లా ఏజెన్సీ, ఇంకోవైపు ఒడిశా. సాలూరు ఘాట్ దిగినా, పాతపట్నం మీదుగా వచ్చినా, ఇచ్ఛాపురం దగ్గర హైవే ఎక్కినా, పలాసలో రైలెక్కినా తనిఖీలు ఉంటాయి. ఏజెన్సీలో గంజాయి తోటలు కొట్టేయడానికి 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' నడిచింది. 2024లో 'ఈగల్' పేరుతో రాష్ట్రంలో ప్రత్యేక విభాగమే వచ్చింది. "ఫ్రెండ్ ఇచ్చాడు, చిన్న సీసానే కదా" అని బ్యాగులో వేసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సరే, చట్టం పక్కన పెడదాం. జల్లెడ అసలు ఏం ఆపుతుంది? ఆకు ముక్క, పిప్పి, నలుసు. ద్రవంలో కరిగిపోయినవి ఏ గుడ్డలోంచైనా దిగిపోతాయి. మొక్క మీద కొట్టిన పురుగుమందు స్పిరిట్‌లో కరిగితే అదీ దిగుతుంది. అన్నిటికంటే భయపడాల్సింది మిథనాల్ గురించి. షాపులో దొరికే స్పిరిట్లన్నీ తాగేవి కావు. పది మిల్లీలీటర్ల మిథనాల్ కూడా చూపు పోగొట్టగలదు, 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు. తాగగానే మామూలు మత్తులాగే ఉంటుంది. చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత గానీ కళ్లు మసకబారవు, అప్పటికి ఆలస్యం అయిపోతుంది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయిన సంగతి మర్చిపోయే విషయం కాదు. ఎవరైనా అలాంటిది తాగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. తాగిన సీసా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నిప్పు ప్రమాదం ఇంకోటి. గాఢమైన స్పిరిట్ ఆవిరి అంటుకోవడానికి వేడి చేయక్కర్లేదు, మన గది ఉష్ణోగ్రతే ఎక్కువ. గ్యాస్ పొయ్యి, కిటికీ లేని వంటగది, మూత తీసిన గిన్నె ఒక్కచోట చేరితే చాలు.

నిజంగా మూలికల కోసమే జల్లెడ వెతుకుతున్నవాళ్లకు ఒక మాట. తులసి, అల్లం, తిప్పతీగ కషాయం నీళ్లతో కాచుకునేదే. ముందు స్టీలు జల్లెడతో పిప్పి తీసి, తర్వాత ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డలో వడకడితే చాలు. మన పెద్దోళ్లు పాత పంచె ముక్కతో చేసిన పని ఇదే. రంగు గుడ్డ, సెంటు వాసన వచ్చే గుడ్డ మాత్రం వద్దు. గంజాయితో ఆయుర్వేద మందులు ఉన్న మాట నిజమే, అయితే అవి లైసెన్సు ఉన్న కంపెనీ తయారుచేసి, డాక్టరు రాసిస్తే వాడాల్సినవి.

ఇప్పటికే అలవాటు పడినవాళ్లకు చట్టంలో ఒక దారి ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. 64ఏ సెక్షన్ ప్రకారం వాడకం కేసు, లేదా తక్కువ పరిమాణం కేసు ఉన్న బాధితుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో డీఅడిక్షన్ చికిత్సకు వెళ్తే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. చికిత్స వివరాలకు 14446, సమాచారం ఇవ్వడానికి ఈగల్ నంబరు 1972.