కృతజ్ఞత - చేసిన మేలు నెరుగుట



"కృతజ్ఞత" యను మాటను మనము దినమునకు పలుమారులు పలుకుచుందుము. కాని యా పదమును విడదీసి చూచువారు కొందరే. కృతమనగా చేయబడినది. దాని నెరిగినవాడు కృతజ్ఞుడు. వాల్మీకి మహర్షి నారదుని ప్రశ్నించినప్పుడు, తాను వెదకుచున్న పురుషోత్తముని గుణములలో ధర్మజ్ఞతకు ప్రక్కనే కృతజ్ఞతను నిలిపెను. ఆ పదములో నమస్కరించుట లేదు, కానుక లిచ్చుట లేదు; ఎరుగుటయే యున్నది. మనకు మేలు చేసినవా రెవరో, ఏమి చేసిరో, ఎట్లు చేసిరో తెలిసికొననిదే కృతజ్ఞత పూర్తి కాదని దీని భావము. బిడ్డ చావు తప్పించుకొని లేచిన యింట నీ సంగతి మరింత విచారింపదగినది.

మా చిన్న ఆడపడుచు కుమార్తెకు ఆరవయేట జబ్బు చేసెను. మూడువారములు విడువని జ్వరము, పాలిపోయిన ముఖము, దెబ్బ తగులకయే కాళ్ళపై నీలిమచ్చలు, రాత్రివేళ ఎముకల నొప్పులు. పిల్ల ఆటలు మాని గోడకు చేరగిలబడి కూర్చుండెడిది. మా యూరి వైద్యుడు రక్తపరీక్ష చేయించి, ఆ పూటనే హైదరాబాదునకు తీసికొనిపొమ్మనెను. అక్కడ ఎముక మూలుగను పరీక్షించి, రక్తమునకు సంబంధించిన కాన్సరనియు, ల్యుకేమియా యందురనియు చెప్పిరి. ఆ మాట విన్న రాత్రి మా అత్తగారు పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టి, మనుమరాలి తలనీలాలు ఏడుకొండలవానికి సమర్పింతునని మ్రొక్కుకొనిరి.

ఈ వ్యాధి స్వరూప మిట్టిది. మన రక్తకణములు ఎముకలలోని మూలుగలో పుట్టును. ఈ వ్యాధిలో ఎదగని తెల్లకణములు మేర లేక పెరిగి, ఎర్రకణములకును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లకును చోటు లేకుండ చేయును. అందుచేతనే పాలిపోవుట, మచ్చలు, జ్వరము. పిల్లలకు వచ్చు కాన్సర్లలో నిదియే యెక్కువ. ఇది తల్లి పెట్టిన తిండివలన గాని, ఎవరి దృష్టివలన గాని వచ్చునది కాదు, అంటుకొనునదియు కాదు. 1947కు పూర్వము ప్రపంచమున నే వైద్యుని యొద్దను దీనికి మందు లేదు. బిడ్డలు కొన్ని వారములలోనో, నెలలలోనో తల్లుల యొడిలోనే కన్ను మూసెడివారు.

మరి మా బిడ్డ మ్రింగిన మాత్ర ఎచ్చటినుండి వచ్చినది? ఆ కథలో మొదటి పుట మన గోదావరి తీరముననే యున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. ఆయన సోదరు లిద్దరు స్ప్రూ యను గ్రహణివంటి వ్యాధిచే స్వల్పవ్యవధిలో మరణించిరి. ఆయన మదరాసున వైద్యము చదివి, 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి, కూటికొరకు ఆసుపత్రిలో రాత్రి సేవకుడుగా పనిచేయుచు పరిశోధన సాగించిరి. వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవములోనే పోయెను. ఆ బిడ్డ ముఖమును తండ్రి చూడనే లేదు. మరల స్వదేశమునకు వచ్చుటయు తటస్థింపలేదు.

ఆ స్ప్రూ వ్యాధికిని, రక్తహీనతకును పనికివచ్చు పదార్థ మొకటి కలదు. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు, బొంబాయిలో గర్భవతులైన స్త్రీల రక్తహీనత యొకటి ఈస్టుసారముచే నయమగుచున్నదని ప్రకటించినది. పదేండ్ల పిమ్మట 1941లో, అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూర ఆకులనుండి ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి దానికా పేరు పెట్టిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు దానిని కృత్రిమముగా తయారుచేసిరి. కణములు రెండుగా చీలి వృద్ధిపొందుటకు నీ ఆమ్ల మత్యవసరము.

అదే సమయమున బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, ల్యుకేమియా బిడ్డలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థము లిచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా విజృంభించినట్లు గమనించెను. పోషించునది వ్యాధిని పెంచినచో, దానివలెనే కనిపించి పోషింపని పదార్థము వ్యాధిని మాడ్చవలెను గదా! అట్టి మారుపదార్థములను సుబ్బారావుగారి బృందమే చేసి యిచ్చెను. మోహిని రూపమును చూచి అసురులు అమృతము దొరకునని వరుసలో కూర్చుండి మోసపోయినట్లు, దుష్టకణములు ఆహారమని దీనిని గ్రహించి వృద్ధి నిలిచి నశించును. 1947 చివర ఫార్బర్ అమినోప్టెరిన్ అను నీ మందును వాడ మొదలిడెను. 1948 జూనులో ప్రకటించిన నివేదికలో 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనిపించినదని వ్రాసెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను తలుపు తెరువబడినది. రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావుగారు 53వ యేట పరమపదించిరి. నేడు మా బిడ్డవంటి వారికి వారమున కొకమారిచ్చు మెథోట్రెక్సేట్ మాత్ర ఆ కుటుంబములోనిదే.

ఇంకొక మందు మన పెరటిలోనే యున్నది. పూజకు కోయు బిళ్ళగన్నేరు మొక్కనుండి విన్‌క్రిస్టిన్ అను ఔషధము తీయుదురు. 1963 నుండి అది వైద్యులకు లభించుచున్నది. అయితే నమ్మలారా, ఆ ఆకును నూరి త్రాగించుట ప్రాణాపాయము. అందు విషములు గలవు. టన్నుల ఆకులనుండి తీసిన అత్యల్పమాత్రమును తూచి సూదిద్వారా నరములోనికి ఇచ్చుటలోనే వైద్యమున్నది. మూడవది మెర్కాప్టోప్యూరిన్. దీనిని రూపొందించినవారిలో గెర్ట్రూడ్ ఎలియన్ అను స్త్రీ ప్రముఖురాలు. తాతగారు కాన్సరుతో పోవుట చూచి, పదునైదేండ్ల ప్రాయమున ఆమె యీ మార్గము నెన్నుకొనెను. 1988లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఇదంతయు ఎందుకు చెప్పుచున్నాననగా, మా యింట దీని యవసరము వచ్చినది. చికిత్స మొదలిడిన నెలకు, మూలుగలో దుష్టకణములు కనిపించుట లేదని డాక్టరమ్మగారు చెప్పిరి. ఇల్లంతయు పండుగయైనది. మా అత్తగారు కన్నీరు తుడుచుకొని, "స్వామి దయవల్ల పిల్లకు నెమ్మదించింది కదమ్మా, ఇంక ఈ విషాలెందుకు? ఇంటికి తీసుకుపోదాం" అనిరి. పొలము తాకట్టు పెట్టిన మా ఆడపడుచు భర్తకును ఆ మాట రుచించినది. అప్పుడు డాక్టరమ్మగారు నిదానముగా కూర్చుండి చెప్పిరి: "వ్యాధి బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల దుష్టకణాలుంటాయి మామ్మగారూ. సూక్ష్మదర్శినిలో ఒక్కటీ కనిపించకపోయినా వందల కోట్లు దాగి ఉండవచ్చు. ఇప్పుడు మానితే అవి మళ్ళీ లేస్తాయి. మొత్తం రెండున్నరేళ్ళు పట్టుదలగా వాడాలి."

మా అత్తగారు చదువుకొన్నవారు కారు. కాని ఋణశేషము, అగ్నిశేషము, వ్యాధిశేషము ఉంచరాదను పెద్దలమాట వారికి బాగుగా తెలియును. కొంతసేపు మౌనముగా నుండి, "నిప్పును సగం ఆర్పి పడుకోకూడదన్నమాట" అనిరి. ఆనాటినుండి మనుమరాలి మాత్రలకు వారే కావలి. గోడమీద పంచాంగము ప్రక్కన కాగితము తగిలించి, దినమున కొకటిచొప్పున నిచ్చు మాత్ర కొక గీత, వారమున కొకమారిచ్చు మాత్రకు కుంకుమబొట్టు పెట్టించెడివారు. వారమునకిచ్చు మాత్రను దినదినము ఇచ్చినచో ప్రాణాపాయమని డాక్టరమ్మగారు హెచ్చరించియుండిరి. బంధువులు తెచ్చిన బలముమాత్రలనుగూడ వారు అడుగక వేయనీయలేదు; ఆ మాత్రలలో ఫోలిక్ ఆమ్లముండి, మందు చేయు పనికి అడ్డుపడవచ్చునట.

ఇక మ్రొక్కు సంగతి. మందులచే పిల్ల జుట్టంతయు దిండుమీద రాలిపోయెను. "స్వామికిస్తానన్నది ముందే పోయిందే!" అని మా అత్తగారు దుఃఖించిరి. మా పురోహితుడుగారు, "ఆయనకు తొందర లేదమ్మా, మళ్ళీ మొలిచినప్పుడు ఇవ్వవచ్చు" అని ఊరడించిరి. తెల్లకణములు తగ్గియున్న బిడ్డను జనసమ్మర్దములోనికి తీసికొనిపోవుటయు, ప్లేట్‌లెట్లు తక్కువగా నున్నప్పుడు తలమీద కత్తి పెట్టించుటయు వైద్యు లొప్పరు. అట్టి బిడ్డకు జ్వరము 100.4 డిగ్రీలు తాకిన యెడల, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెనే గాని విభూతి పెట్టి తెల్లవారువరకు వేచియుండరాదు. దేవునియందు విశ్వాస మనగా, ఆయన మన చేతికందించిన సాధనమును జారవిడువకుండుట. మ్రొక్కు ఆలస్యమైనచో అపచారము కాదు. మందు ఆలస్యమైనచో అపాయము.

దేవుని ఋణము అట్లుండగా, మనుష్యుల ఋణమొకటి కలదు. ఆ రెండున్నరేండ్లలో బిడ్డకు పలుమారులు రక్తము, ప్లేట్‌లెట్లు ఎక్కించిరి. ఆ సీసామీద దాత పేరుండదు. ఏ కులమో, ఏ మతమో, ఏ యూరో తెలియదు. ప్లేట్‌లెట్లు అయిదు దినములకు మించి సాధారణముగా నిలువ యుండవు. కనుక ఈ వారమెవరో వచ్చి యిచ్చిననే ఈ వారము బిడ్డకు దొరకును. ఆ దాతలను వెదకి నమస్కరింప వీలులేదు. తీర్చుకొను మార్గ మొక్కటే: వారు మనకు చేసినది మనము మరియొకరి బిడ్డకు చేయుట. 18 ఏండ్లు నిండి 65 లోపువారై, 45 కిలోల బరువును, 12.5 గ్రాముల హీమోగ్లోబినును గల ఆరోగ్యవంతులు రక్త మీయవచ్చును. పురుషులు మూడు నెలల కొకసారి, స్త్రీలు నాలుగు నెలల కొకసారి. మా వారు వెంటనే యిచ్చిరి. నాకు హీమోగ్లోబిను 11 మాత్రమే యున్నందున తీసికొనలేదు. డాక్టరు సలహాపై ఇనుము మాత్రలు వాడి, కొన్ని నెలలకు మరల వెళ్ళి యిచ్చి వచ్చితిని.

ఇట్టి కష్టము ప్రక్కయింట వచ్చినప్పుడు మనము చేయదగినవి మరికొన్ని కలవు. "ఏ పాపం చేశారో" అను మాట నోట రానీయకుండుట మొదటిది. ఆసుపత్రిలోనున్న తల్లికి శుభ్రముగా వండిన వేడి యన్నము పంపుట, ఇంట మిగిలిన చిన్నబిడ్డకు తలదువ్వి బడికి పంపుట, ఆటలమ్మగాని తట్టుగాని సోకిన మన పిల్లలను ఆ బిడ్డ దరికి పోనీయకుండుట, డబ్బు లేక చికిత్స మానవలసిన స్థితి వచ్చినచో ప్రభుత్వ వైద్యసహాయపు సంగతి విచారించి చెప్పుట - ఇవన్నియు పూజలే. సంపన్నదేశములలో నేడీ వ్యాధి సోకిన బిడ్డలలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. మన దేశమున అంతమంది బ్రతుకకుండుటకు చికిత్సను నడుమ విడుచుట యొక ముఖ్యకారణము.

ఒక మాట చెప్పక తప్పదు. మా బిడ్డ ప్రక్కమంచముపై నాలుగేండ్ల బాలుడుండెను. అతని తల్లియు ముడుపు కట్టినది, ఉపవాసములుండినది, మందులు తప్పక యిచ్చినది. అతడు దక్కలేదు. ఆమె భక్తి మా భక్తికన్న తక్కువ యని చెప్పగలవా రెవరు? కావున "మా నమ్మకమే మా బిడ్డను కాపాడినది" అని యితరులముందు పలుకుటకు మాకు నోరు రాదు. మాకు లభించినది బహుమానము కాదు, భిక్ష. భిక్ష నందుకొన్నవారు గర్వింపరాదు. ఆ తల్లి ముందు మౌనముగా కూర్చుండి ఆమె చేయి పట్టుకొనుట కృతజ్ఞతలోని భాగమే.

ఇప్పుడు పిల్లకు తొమ్మిదేండ్లు. మందులు మానిపించిరి, ఇంకను కొన్నేండ్లు పరీక్షలకు పోవుచుండవలెను. మొలిచిన జుట్టు స్వామికి సమర్పించి వచ్చిరి. తిరుమలనుండి దిగివచ్చిన మరునాడు మా ఆడపడుచు భర్త రక్తనిధికి పోయి రెండవ మ్రొక్కును తీర్చెను. మా అత్తగారు మనుమరాలికి సంధ్యవేళ దేవతల నామములతోపాటు ఒక పేరు నేర్పిరి: భీమవరములో పుట్టి, తన కుమారుని చూడకయే పరుల బిడ్డలకు ప్రాణము పోసిన మహానుభావుని పేరు. అమ్మలారా, మీ యింట నొక బిడ్డ జబ్బుపడి లేచినప్పుడు, దీపము వెలిగించి నమస్కరింపుడు. ఆ పిమ్మట, ఆ మందు ఎవరి శ్రమఫలమో, ఆ రక్త మెవరి దానమో, ఆ రాత్రులు మేలుకొన్న నర్సు పేరేమో అడిగి తెలిసికొని మీ బిడ్డలకు చెప్పుడు. ఎరుగుటయే కృతజ్ఞత.