తిరుమల మిరాసీకి తెరదించిన న్యాయమూర్తి

తిరుమల ఆలయంలో చాలాకాలం పాటు అర్చకత్వం ఉద్యోగం కాదు, ఆస్తి. పొలం తండ్రి నుంచి కొడుక్కు ఎలా సంక్రమిస్తుందో స్వామివారి కైంకర్యమూ అలాగే సంక్రమించేది. గొల్లపల్లి, పైడిపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు వైఖానస కుటుంబాలు వంతుల వారీగా గర్భాలయ సేవ చేసేవి. ప్రసాదాలలో వాటా పొందేవి. దానినే మిరాసీ అన్నారు. 1996 మార్చి 19న సుప్రీంకోర్టు వెలువరించిన ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసు తీర్పు ఈ హక్కుకు రాజ్యాంగ రక్షణ లేదని తేల్చింది. దానిని రాసిన వారు జస్టిస్ కె. రామస్వామి. ఏ కులాలను తరతరాలుగా గుడి ప్రాకారం బయటే నిలబెట్టారో ఆ కులాల నుంచి వచ్చిన తెలుగు న్యాయమూర్తి ఆయన.

తీర్పుకు ముందు చాలా కథ ఉంది. 1843 నుంచి 1933 దాకా తిరుమల పాలన హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ తర్వాత పాలన కమిటీకి, అధికారులకు మారింది గానీ గర్భాలయం లోపలి వంతులు మారలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం దేవాలయాల వ్యవహారాలపై జస్టిస్ చల్లా కొండయ్య నాయకత్వాన కమిషన్ వేసింది. రాష్ట్ర హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి అయిన కొండయ్య కమిషన్ సిఫారసుల నుంచే 1987 నాటి 30వ నంబరు దేవాదాయ చట్టం పుట్టింది. దాని 34వ సెక్షన్ వంశపారంపర్య అర్చకత్వాన్ని, మిరాసీలను రద్దు చేసింది. 144వ సెక్షన్ కానుకలలో, ప్రసాదాలలో వాటాలను రద్దు చేసింది. తిరుమల ప్రధాన అర్చకులే దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తమ హక్కు మతంలో అంతర్భాగమని, 25, 26 అధికరణలు దానికి రక్షణ ఇస్తాయని వారి వాదన.

రామస్వామి 1932 జూలై 13న జన్మించారు. న్యాయవాదిగా ప్రారంభించి 1982లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టులో అడుగుపెట్టారు. ఎ. వరదరాజన్, బి.సి. రే తర్వాత ఆ న్యాయస్థానానికి చేరిన మూడో దళిత న్యాయమూర్తిగా ఆయనను లెక్కిస్తారు. దక్షిణాది పల్లెల అంటరానితనం ఆయన బెంచి ముందుకు నేరుగానే వచ్చింది. కర్ణాటకలో కొత్తగా తవ్విన బోరుబావి నుంచి దళితులను నీళ్ళు తోడుకోనివ్వకుండా బలప్రదర్శనతో అడ్డగించిన అప్పా బాలు ఇంగళె కేసులో హైకోర్టు నిందితులను వదిలేసింది. సుప్రీంకోర్టు శిక్షను పునరుద్ధరించింది. జస్టిస్ కుల్దీప్ సింగ్‌తో కలిసి కూర్చున్న రామస్వామి అక్కడితో ఆగకుండా విడిగా తన అభిప్రాయం రాశారు. అంటరానితనాన్ని ఒక గ్రామ తగాదాగా కాక, రాజ్యాంగం 17వ అధికరణ ఎదుర్కోదలచిన వ్యవస్థగా చూడాలన్నది దాని సారం.

అలాంటి న్యాయమూర్తి నుంచి తిరుమల కేసులో కులంపై ఘాటైన తీర్పు ఆశించి పుస్తకం తెరిచే విద్యార్థికి ఆశ్చర్యం తప్పదు. పుటల కొద్దీ వేదాలు, ఉపనిషత్తులు, ధర్మం అంటే ఏమిటన్న చర్చ. కొన్నిచోట్ల చదువరి ఓపికకు పరీక్షే. జస్టిస్ హన్సారియా కూడా ఏకీభవిస్తూ విడిగా రాసిన అభిప్రాయంలో ధర్మచర్చనే పొడిగించారు. కానీ ఆ విస్తారం మధ్య న్యాయసూత్రం మాత్రం పదునైనది. పూజ చేయడం మతకర్మ, దానిని ఆగమం ప్రకారమే చేయాలి. పూజ చేసే వ్యక్తిని నియమించడం లౌకిక చర్య. ఫలానా వాడి కొడుకు కనుక ఫలానా వాడే అర్చకుడు కావాలన్నది ఆచారమే గాని మతానికి ప్రాణం కాదు. కనుక శాసనసభ దానిని రద్దు చేయవచ్చు. తమిళనాడు చట్టంపై 1972లో వచ్చిన శేషమ్మాళ్ తీర్పు వేసిన పునాది ఇదే. వాటా పోయిన అర్చకుడు ఆకలితో ఉండకూడదని, వారి సంక్షేమానికి పథకం రూపొందించాలని కూడా కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ భాగాన్ని తీర్పును మెచ్చేవారూ, తిట్టేవారూ ఇద్దరూ మరచిపోతుంటారు.

అయితే ఈ తీర్పు ఏమి చేయలేదో కూడా చూడాలి. అది కుటుంబాన్ని తొలగించింది, కులాన్ని కాదు. ఆగమం కోరే అర్హత అలాగే ఉంది. వైఖానస ఆలయంలో అర్చకుడు వైఖానసుడే కావాలన్న నియమాన్ని శేషమ్మాళ్ తీర్పు ముట్టుకోలేదు, దీక్షితులు తీర్పూ ముట్టుకోలేదు. శిక్షణ పొందిన అబ్రాహ్మణుడిని పూజారిగా నియమించడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2002 నాటి ఆదిత్యన్ కేసు దాకా ఆగవలసి వచ్చింది. అదీ కేరళ ఆలయం విషయంలో.

తిరుపతిలో ఇంకో చిక్కు ఉంది. మిరాసీ బ్రాహ్మణులకే పరిమితం కాదు. తెల్లవారుజామున దివిటీ పట్టుకొని అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టే సన్నిధి గొల్ల యాదవుడు. ఆ గౌరవం కూడా వంశపారంపర్యంగా వచ్చిందే. చట్టం అందరి మిరాసీలనూ ఒకే గాటన కట్టింది. గర్భాలయం చుట్టూ వెనుకబడిన కులానికి దక్కిన అరుదైన స్థానం, నాలుగు కుటుంబాల గుత్తాధిపత్యం న్యాయం దృష్టిలో ఒకటే కావచ్చు. సామాజిక దృష్టిలో ఒకటి కాదు. జిల్లాలోని యాదవులు తమ హక్కు పునరుద్ధరించాలని అడిగినప్పుడు దానిని పాత వ్యవస్థపై మోజుగా కొట్టిపారేయడం సులభమే, కానీ సరికాదు.

రామస్వామి పదవీకాలం ముగియడానికి ముందు, 1997 జూలై 11న సమత కేసు తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వరాదని ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యతతో చెప్పిన తీర్పు అది. మన్యంలో ఆ తీర్పు పేరు నేటికీ వినిపిస్తుంది. తిరుమల తీర్పుకు ఆ భాగ్యం లేదు. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవాదాయ చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాల వారసత్వానికి మళ్ళీ చోటు కల్పించింది. ఏ పార్టీ కూడా దానిని గట్టిగా ఎదిరించి నిలబడలేదు. అదే కాలంలో తితిదే దళిత గోవిందం పేరుతో ఉత్సవ విగ్రహాలను దళితవాడలకు తీసుకెళ్ళింది. తర్వాత దళిత, గిరిజన యువకులకు అర్చకత్వంలో శిక్షణ ఇచ్చి వారి వాడల్లోని చిన్న ఆలయాలకు పంపింది. ఆ శిక్షణ పత్రం వాడ గుడిలో చెల్లుతుంది, అలిపిరి మెట్లెక్కి పైకి వెళితే చెల్లదు.