బ్రిడ్జి ముందు, పికప్ తర్వాత

1965లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ యార్డ్‌బర్డ్స్ అనే బ్రిటిష్ బ్యాండును వదిలి వెళ్తే, ఆ చోటులోకి జెఫ్ బెక్ వచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో ఇద్దరి పేర్లూ ఒకే రకం గిటారుతో ముడిపడ్డాయి. అది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్. తీగలు వచ్చి ఆనే ఇనుప బ్రిడ్జి ఇందులో కదులుతుంది. దానికి బిగించిన సన్నటి వామీ బార్‌ను నొక్కితే తీగలు వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే మళ్ళీ పైకి వస్తుంది. జెఫ్ బెక్ అరచేతిని ఆ బార్ దాదాపుగా వీడేది కాదు. క్లాప్టన్ మాత్రం గిటారు వెనక గూట్లో చెక్కముక్క దూర్పించి, బ్రిడ్జి అసలు కదలకుండా చేయించుకున్నాడు.

కొత్తగా ఎలక్ట్రిక్ గిటారు కొనబోయేవాళ్ళు ముందు రంగు చూస్తారు, ఆకారం చూస్తారు, ఆనక తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌ల గురించి అడుగుతారు. బ్రిడ్జి సంగతి ఇంటికొచ్చాక మొదటి తీగ తెగిన రోజున గానీ తెలియదు. నిజానికి ఈ వరుస తిరగబడాలి. పికప్ నచ్చకపోతే స్క్రూలు విప్పి, రెండు మూడు చోట్ల టంకం పెట్టి మార్చుకోవచ్చు. బ్రిడ్జి రకం మార్చాలంటే చాలాసార్లు చెక్క తొలచాల్సి వస్తుంది.

కదలని బ్రిడ్జిలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చి, ఆ తర్వాత టెలికాస్టర్‌గా పేరు మారిన ఫెండర్ గిటారుకు ఒక ఇనుప పలకను చెక్కకు బిగించేశారు. గిబ్సన్ కంపెనీ 1954లో లెస్ పాల్ కస్టమ్‌కు ట్యూన్-ఓ-మ్యాటిక్ బ్రిడ్జి పెట్టింది. అందులో ఏ తీగ పొడవును ఆ తీగకు విడిగా సరిచేసుకోవచ్చు. శ్రుతి చేసి వాయించుకోవడమే, అంతకుమించి దానితో పేచీ ఉండదు.

స్ట్రాటోకాస్టర్ కూడా 1954లోనే వచ్చింది. దాన్ని తయారుచేసిన లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. ఆయన రేడియోలు బాగుచేస్తూ ఈ వ్యాపారంలోకి వచ్చిన మనిషి. ఆ గిటారును తిప్పి వెనక మూత తీస్తే లోపల స్ప్రింగులు కనిపిస్తాయి. ముందువైపు ఆరు తీగలు బ్రిడ్జిని ఒక దిక్కుకు లాగుతుంటే, వెనక నుంచి స్ప్రింగులు రెండో దిక్కుకు లాగుతాయి. బ్రిడ్జి ఆ మధ్యన త్రాసు ముల్లులా నిలబడుతుంది. ఒక తీగ తెగితే ఆ తూకం పోతుంది. మిగిలిన అయిదూ ఒక్కసారిగా శ్రుతి పెరిగి కూర్చుంటాయి. ఒక తీగను బిగిస్తే పక్కవి కాస్త వదులవుతాయి, వాటిని సరిచేస్తే మొదటిది మళ్ళీ తప్పుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు శ్రుతి కుదరక ఏడుపు మొహం పెట్టడానికి చాలాసార్లు కారణం ఇదే. తప్పు వాళ్ళ చెవిది కాదు.

మన సంగీతం వాయించాలనుకునేవారికి ఇందులో ఇంకో చిక్కుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ తన విద్యుత్ మాండలిన్ మీద గమకాలను పలికించింది వేళ్ళతోనే. గిటారు మీదైనా రాగం పలకాలంటే తీగను మెట్టు మీద పక్కకు లాగక తప్పదు. స్ప్రింగుల మీద ఇలా తేలే బ్రిడ్జి ఉన్న గిటారులో ఒక తీగను లాగగానే బ్రిడ్జి రవ్వంత ముందుకు వంగి, తక్కిన తీగల శ్రుతి దిగుతుంది. పక్కనే షడ్జం మోగిస్తూ గమకం పలికిస్తే ఆ షడ్జమే జారిపోతుంది. ఇలాంటి వాయిద్యకారులు కళ్ళు మూసుకుని కదలని బ్రిడ్జినే ఎంచుకోవాలి. ఇప్పటికే స్ట్రాట్ తరహా గిటారు ఉంటే క్లాప్టన్ చెక్కముక్క పనికొస్తుంది.

రాక్, మెటల్ వాయించేవాళ్ళ కథ వేరు. బార్‌ను విపరీతంగా వాడినా శ్రుతి చెడకూడదని ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటారిస్టు 1970ల చివర్లో తీగలను రెండు కొనల్లోనూ బిగించేసే ఏర్పాటు కనిపెట్టాడు. దానికి 1979లో పేటెంటు వచ్చింది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆర్కెస్ట్రాలో గాయని వచ్చి శ్రుతి అరమెట్టు తగ్గించమంటే అలెన్ కీ తీసుకుని బిగింపులు విప్పాలి, ఆరు తీగలూ దించాలి, తూకం చూసుకోవాలి, మళ్ళీ బిగించాలి. అప్పటికి పాట అయిపోతుంది. పెళ్ళిళ్ళలో, కాలేజీ వేడుకల్లో సినిమా పాటలు వాయించే గిటారిస్టుకు ఇది మొదటి గిటారుగా తగదు.

ఇక పికప్. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిరిగిన వెంట్రుకంత రాగితీగ, అంతే. పైన ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో సన్నటి విద్యుత్తు పుడుతుంది. నైలాన్ తీగలు వేస్తే ఏమీ వినిపించదు. ఒకే గిటారులో రెండు మూడు పికప్‌లు ఎందుకంటే, బ్రిడ్జి పక్కన తీగ ఊపు తక్కువ కాబట్టి అక్కడి నాదం పదునుగా ఉంటుంది, మెడ దగ్గర గుండ్రంగా, మెత్తగా వస్తుంది.

ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ గాలిలోని విద్యుత్ గోలను కూడా పట్టేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఎర్తింగ్ సరిగా లేని ఫంక్షన్ హాలులో, సీరియల్ లైట్ల మధ్య యాంప్లిఫయర్ ఆన్ చేస్తే ఆ గొణుగుడు స్పష్టంగా వినిపిస్తుంది. దీనికి విరుగుడు గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ కనిపెట్టాడు. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని తిరగేసి చుట్టి, దాని అయస్కాంతపు ధ్రువాన్నీ తిప్పాడు. బయటి గోల రెండింటిలో ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది, తీగ నాదం మాత్రం కలిసిపోయి పెరుగుతుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1959లో వచ్చింది. ఈలోగా 1957లోనే ఈ హంబకర్లు లెస్ పాల్ గిటార్లలోకి ఎక్కేశాయి. గోలతోపాటు సింగిల్ కాయిల్‌కు ఉండే గాజులాంటి మెరుపు కూడా కొంత పోయి నాదం బరువెక్కింది. ఆ బరువే తర్వాత హార్డ్ రాక్‌కు కావలసిన సరుకైంది.

ఈ రెండు లోకాలనూ కలిపినవాడు గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. ఆయనకు గిబ్సన్ నాదమూ కావాలి, ఫెండర్ బార్ కూడా కావాలి. స్ట్రాట్ ఆకారపు చెక్క కొని, ఒక గిబ్సన్ గిటారులోంచి పీకిన హంబకర్‌ను బ్రిడ్జి పక్కన ఏటవాలుగా బిగించాడు. ఆయన బ్యాండు వాన్ హేలెన్ తొలి ఆల్బమ్ 1978లో రాగానే ఆ కలయికను గిటారు కంపెనీలు పట్టుకున్నాయి.

ఈనాడు హెచ్ఎస్ఎస్ అని రాసి అమ్ముతున్న గిటార్లు ఆ దారిలోవే. బ్రిడ్జి దగ్గర హంబకర్, తక్కిన రెండూ సింగిల్ కాయిల్స్. ఏం వాయించాలో ఇంకా తేలని విద్యార్థికి కదలని బ్రిడ్జితో ఈ అమరిక దొరికితే అంతకంటే వెతకనక్కర్లేదు. దుకాణంలో యాంప్లిఫయర్ శబ్దం పెంచి, తీగలను ముట్టుకోకుండా గిటారు పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిరిగితే, ఏ పికప్ ఎంత గొణుగుతోందో అక్కడే తెలిసిపోతుంది. గోల మరీ ఎక్కువైతే, సింగిల్ కాయిల్ గూట్లోనే పట్టే సన్నటి హంబకర్లు కూడా దొరుకుతాయి, చెక్క తొలిచే పని ఉండదు. అలా మార్చినప్పుడు పాత పికప్‌ను దాచి ఉంచుకుంటే, గిటారు అమ్మేనాడు దాన్నే తిరిగి బిగించి ఇవ్వొచ్చు.