ధర్మకర్తపై దావా – కాలదోషము



గడువు దాటిన బాకీకి కోర్టులో చోటు లేదని మన గ్రామములలోని పెద్దలందఱకును తెలిసిన విషయమే. ప్రామిసరీ నోటుకు 3 సంవత్సరములనియు, భూమికి 12 సంవత్సరములనియు చదువు రానివారు సైతము వ్రేళ్ళు మడిచి చెప్పగలరు. కాని నమ్మి యొకరి చేతిలో పెట్టిన ఆస్తి విషయమున ఈ లెక్క యెట్లుండును? సత్రమునకు వ్రాసియిచ్చిన మాన్యమును ధర్మకర్త తన సొంతముగా అనుభవించుచున్నచో, 30 ఏండ్లు గడచిన పిమ్మట అడుగవచ్చునా? ఎప్పుడైనను అడుగవచ్చునని కొందఱందురు. ఇంక ఆశ వదలుకొనవలసినదేయని మఱి కొందఱందురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. ఏ మాట యెక్కడ చెల్లునో నేడు మీకు మనవి చేసెదను.

మొదట కాలదోషమను నియమము ఏల యేర్పడినదో ఆలోచింపుడు. ఏండ్లు గడచినకొలది సాక్షులు గతింతురు, కాగితములు చెదలపాలగును, నిజము తేల్చుట కష్టమగును. కావున హక్కు కలవాడు మెలకువగా నుండి తగిన కాలములో అడుగవలెనని చట్టము విధించినది. నేడు మన దేశమున అమలులోనున్నది 1963 సంవత్సరపు కాలపరిమితి చట్టము. ఇది 1964 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట యెత్తకున్నను, కోర్టు కొట్టివేయవలసినదేయని దీని 3వ సెక్షను చెప్పుచున్నది. భూమిని స్వాధీనము చేసికొనుటకు గల గడువు ముగిసినచో దావాయే కాదు, ఆ భూమిపై హక్కే నశించునని 27వ సెక్షను చెప్పుచున్నది.

ఇంత కఠినమైన చట్టము ధర్మకర్త విషయమున మాత్రము వేఱు దారి పట్టినది. ఒక నిర్ణీత ప్రయోజనము కొఱకు నమ్మకముగా ఆస్తి యెవనికి దఖలు పడినదో, వానిపై ఆ ఆస్తిని గాని, దానిని అమ్మగా వచ్చిన సొమ్మును గాని రాబట్టుటకును, వాని లెక్కలు అడుగుటకును వేయు దావాకు ఎంత కాలము గడచినను కాలదోషము పట్టదని 10వ సెక్షను శాసించుచున్నది. 1908 నాటి పూర్వపు చట్టములోను ఈ నియమము ఇదే సంఖ్యతో నుండెను.

దీనిలోని న్యాయము సులభగ్రాహ్యము. పరాయివాడు నా పొలమును దున్నుచున్నచో అది నాకు ఎదురుగా నిలిచి దున్నుట. నేను కన్నులు తెఱచి చూడవలెను. ధర్మకర్త దున్నుట అట్టిది కాదు. అతడు నా పక్షమున, నా కొఱకు దున్నుచున్నాడని నేను నమ్మియుందును. ఆ నమ్మకముతో నేను ఊరకుండిన కాలమును అతడు తనకు లాభముగా లెక్కవేసికొనినచో, కంచె చేను మేసి, మేసినందుకు చేనుపై హక్కు కూడ అడిగినట్లగును. అందుచేతనే ధర్మకర్త తన అనుభవమును చూపి ట్రస్టు ఆస్తికి యజమానుడు కాజాలడు.

ఈ రక్షణ అతని మరణముతో ముగియదు. అతని వారసులపైనను, అతనినుండి ఉచితముగా దానము పొందినవారిపైనను ఇది వర్తించును. "మా తండ్రిగారు 40 ఏండ్లు అనుభవించిరి, మేము 10 ఏండ్లనుండి అనుభవించుచున్నాము" అను కుమారుల వాదము ఇక్కడ నిలువదు. తండ్రి చేతిలో ఏ బాధ్యతతో ఆస్తి యుండెనో, ఆ బాధ్యతతోడనే అది వారి చేతికి వచ్చినది.

ఇంతవఱకు విని ధైర్యముతో నిదురించువారికి నేను మూడు హెచ్చరికలు చేయవలసియున్నది.

మొదటిది, వెల యిచ్చి కొనినవాని మాట. ట్రస్టు భూమిని ధర్మకర్త ప్రతిఫలము తీసికొని అమ్మినచో, కొనినవానికి 10వ సెక్షను వర్తింపదు. అమ్మకము జరిగినట్లు వాదికి తెలిసిన నాటినుండి 12 సంవత్సరములలో దావా వేయవలెను. నగలు, పాత్రలు మొదలగు చరాస్తులైనచో ఆ గడువు 3 సంవత్సరములు మాత్రమే. హిందూ, మహమ్మదీయ, బౌద్ధ ధర్మసంస్థల నిర్వాహకులు చేసిన అమ్మకములకును ఇట్టి గడువులే కలవు. కాని కొత్తగా వచ్చిన నిర్వాహకుడు తనకు పూర్వుడు అమ్మిన ఆస్తిని రాబట్టుటకు దావా వేసినచో, పూర్వుని మరణము, రాజీనామా లేక తొలగింపు జరిగిన నాడో, తాను నియమింపబడిన నాడో, ఏది తరువాతిదో ఆనాటినుండి 12 సంవత్సరములు లెక్కింతురు. మాకు తెలియదని చెప్పినంతమాత్రమున చాలదు. కొనినవాడు ఊరి నడుమ అందఱ యెదుట బావి త్రవ్వి, తోట వేసి, పన్ను కట్టుచుండగా ఊరివారికి తెలియదనుట కోర్టు నమ్మవలెను గదా.

రెండవది, నమ్మకముగల ప్రతివాడును ఈ సెక్షను చెప్పు ధర్మకర్త కాడు. ఆస్తి అతనికి దఖలు పడవలెను. ప్రయోజనము స్పష్టముగా నిర్ణయింపబడవలెను. మన సొమ్మును వాడుకొని అన్యాయముగా లాభము పొందినవానిని న్యాయము ధర్మకర్తతో సమానముగా చూడవచ్చును; అయినను అట్టివానిపై గడువు నడచుచునేయుండును. దుకాణదారు వద్ద అడిగినప్పుడు ఇచ్చునట్లు దాచిన సొమ్మునకు, అడిగిన నాటినుండి 3 సంవత్సరములే గడువు. మైనరు ఆస్తిని సంరక్షకుడు అమ్మినచో, ఆ బిడ్డ 18 ఏండ్లు నిండి మేజరయిన నాటినుండి 3 సంవత్సరములలో ఆ అమ్మకమును రద్దు చేయింపవలెను. అనగా 21 ఏండ్లు నిండులోపల. తండ్రి లేని బిడ్డలున్న యిండ్లలో పెద్దలు ఈ సంఖ్యను మఱువరాదు.

ఎవరు ధర్మకర్త యను ప్రశ్న యెంత చిక్కైనదో ఒక తీర్పు తెలుపును. 1921లో విద్యావారుతి తీర్థస్వామికిని బాలుస్వామి అయ్యరుకును జరిగిన వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలు, మఠాధిపతి ఇంగ్లీషు న్యాయములోని అర్థమున ధర్మకర్త కాడని నిర్ణయించెను. దానివలన మఠముల, దేవాలయముల ఆస్తులకు 10వ సెక్షను రక్షణ కొఱవడెను. ఆ లోపమును 1929లో శాసనసవరణము తీర్చినది. హిందూ, మహమ్మదీయ, బౌద్ధ ధర్మసంస్థల ఆస్తి నిర్ణీత ప్రయోజనము కొఱకు ట్రస్టుగా దఖలు పడినట్లును, నిర్వాహకుడే దాని ధర్మకర్తయైనట్లును భావింపవలెనని ఆ సవరణము చెప్పినది. 1963 చట్టము దానిని నిలుపుకొన్నది.

మూడవది, ఎఱిగియు ఊరకుండుట. కుటుంబములకు సంబంధించిన ట్రస్టులకు వర్తించు 1882 నాటి ట్రస్టు చట్టములో 23వ సెక్షను కలదు. ధర్మకర్త తప్పు చేసినచో నష్టము పూడ్చవలసినదే. కాని లబ్ధిదారుడు వయస్సు వచ్చినవాడై ఆ తప్పునకు తానే సమ్మతించినను, లేక జరిగినదియు తన హక్కును పూర్తిగా ఎఱిగి తరువాత దానిని అంగీకరించినను, ఆ నష్టమును అడుగజాలడు. కేవలము ఆలస్యము వేఱు. తెలిసియు ఒప్పుకొని మెదలకుండుట వేఱు. మొదటిది క్షమింపబడవచ్చును, రెండవది హక్కునే హరించును. మోసముచేత నిజము దాచబడినచో మాత్రము, ఆ మోసము బయటపడిన నాడు, లేక తగిన శ్రద్ధతో కనుగొనగలిగిన నాడు గడువు ఆరంభమగునని 17వ సెక్షను చెప్పుచున్నది.

కావున మనము చేయవలసినదేమి? ట్రస్టు దస్తావేజు నకలు గ్రామములో ఒక్కరివద్దనే యుండనీయరాదు. ట్రస్టు భూముల సర్వే నంబరులు వ్రాసికొని, రిజిస్ట్రారు కచేరీలో ఏదైన క్రయముగాని తనఖాగాని నమోదైనదా యని అప్పుడప్పుడు విచారింపవలెను. లెక్కలు ఏటేట అడుగవలెను. కుటుంబ ట్రస్టులో లెక్కలు చూచు హక్కు లబ్ధిదారునికి చట్టమే యిచ్చినది. సార్వజనిక ధర్మములైనచో, సంబంధముగల యిద్దఱు లేక అంతకెక్కువమంది కోర్టు అనుమతితో సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను క్రింద దావా వేయవచ్చును. ఆంధ్ర, తెలంగాణములలోని హిందూ దేవాదాయ సంస్థలకు మాత్రము 1987 నాటి దేవాదాయ చట్టము చూపిన మార్గము ప్రత్యేకముగా కలదు.

చివరగా ఒక్క మాట. రచ్చబండ దగ్గఱ జరిగిన పంచాయతీలు, "వచ్చే సంక్రాంతికి తేల్చెదను" అను నోటి మాటలు, పంపిన నోటీసులు, ఇవి యేవియు గడువును ఆపజాలవు. గడువు ముగియకమునుపే ప్రతిపక్షి వ్రాసి, సంతకముచేసి హక్కును ఒప్పుకొన్నచో మాత్రము ఆనాటినుండి కొత్త గడువు లభించును. మాట యిచ్చువానిచేత ఆ మాటను కాగితముపై వ్రాయించుకొనుట అవమానము కాదు. మంచివానికి అది భారమును కాదు.

ధర్మకర్తకు కాలము రక్షణ కాదు. కాని అతని చేతినుండి ఆస్తి వెలకు జాఱిపోయిన నాడు కాలము మనకు శత్రువగును. ఆ జాఱుటకు ముందే మేల్కొనుట గ్రామపెద్దల ధర్మము.