ఫైలు తెరిస్తే ఎవరెవరు చూస్తారు?

పెద్దయ్యాక ఆటిజం నిర్ధరణ కోరేవారికి వైద్యం కన్నా గోప్యతే పెద్ద చిక్కు

ముప్పై అయిదేళ్ల వయసులో "నాకు ఆటిజం ఉందేమో చూడండి" అంటూ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లినవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న: "మీ అమ్మగారిని తీసుకురాగలరా?" అందులో వింతేమీ లేదు. లక్షణాలు బాల్యం నుంచే ఉంటేనే అది ఆటిజం. మాటలెప్పుడు వచ్చాయో, తోటిపిల్లలతో ఎలా మెలిగేవారో చెప్పగలిగేది కన్నవారే. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన 40 అంశాల భారతీయ ఆటిజం కొలమానం కూడా పెంచినవారిని అడిగి తెలుసుకోమంటుంది. అంటే రహస్యం ముందుగా బయటపడేది ఇంట్లోనే. సంబంధాలు చూస్తున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. పాత ప్రోగ్రెస్ రిపోర్టులు, టీచర్లు రాసిన వ్యాఖ్యలు కొంతవరకే ఆ లోటు తీరుస్తాయి.

ఇల్లు దాటాక లెక్క వేరు. డాక్టరిచ్చే నిర్ధరణను, ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రాన్ని చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది రోగికీ డాక్టర్‌కూ మధ్యే ఉండిపోవచ్చు. రోగి రహస్యాలు వెల్లడించరాదని 2002 నాటి వైద్య మండలి నియమావళి డాక్టర్లను కట్టడి చేసింది. రెండోది ఆధార్‌తో ముడిపడి, యూడీఐడీ కార్డు రూపంలో ప్రభుత్వ డేటాబేస్‌కెక్కుతుంది. ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం, వైకల్యం 40 శాతానికి తగ్గనివారికి సర్కారీ కొలువుల్లో కోటా ఇచ్చింది. ఎంత? ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధులు వగైరాలన్నిటికీ కలిపి 1 శాతం. ప్రైవేటు ఉద్యోగికి దాంతో ఒరిగేదేమీ లేదు. పాత పన్ను విధానంలో రూ. 75,000 మినహాయింపు ఉంది. కాకపోతే కంపెనీ ద్వారా కోరితే ఆ కాగితం చేరేది హెచ్ఆర్ బల్ల మీదికే. దాన్ని రిటర్న్‌లో నేరుగా చూపుకోవచ్చని చెప్పేవారు అరుదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. చట్టం మాత్రం అంత దూరం రాలేదు. 2011 ఐటీ నిబంధనలు ఆరోగ్య వివరాలను సున్నిత సమాచారంగా విడిగా చూశాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ విభజనే లేదు. ఫోన్ నంబరైనా, మానసిక వైద్య నివేదికైనా ఒకే గాటన కట్టేశారు. పైగా ఉద్యోగ సంబంధ అవసరాల కోసమైతే సిబ్బంది డేటాను వారి సమ్మతి లేకుండానే వాడుకోవచ్చట! బీమా సంగతి మరొకటి: దరఖాస్తులో అడిగినదాన్ని దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకు.

అలాగని మౌనం ఉచితమేమీ కాదు. ఆఫీసు రొద భరించలేనివారు ఏదో ఒక రోజు నోరు విప్పాల్సిందే. అయితే నిశ్శబ్దంగా ఉండే మూల సీటు అడగడానికి ఆటిజం పేరెత్తనక్కర్లేదు. కుదరదంటే అప్పుడు చూసుకోవచ్చు, ఎలాగూ కాగితం చేతిలోనే ఉంటుంది.