44 రోజులు – 18 ఏళ్లు

ఓడిపోతున్న ఫుట్‌బాల్ జట్టుకు కొత్త శిక్షకుణ్ణి ఎన్నుకోవడం కత్తిమీద సాము. 1975 జనవరిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు అందుకు సిద్ధపడింది. రెండవ డివిజన్‌లో 13వ స్థానంలో ఉన్న జట్టును బ్రయన్ క్లఫ్ చేతిలో పెట్టింది. 1972లో డెర్బీ కౌంటీని లీగు విజేతగా నిలిపిన సమర్థుడే. కాని నోటి దురుసు మనిషి. 1974లో లీడ్స్ యునైటెడ్ అతనిని 44 రోజులకే సాగనంపింది.

ఫారెస్ట్‌లోనూ అద్భుతాలు వెంటనే జరగలేదు. ఆ సీజను ముగిసేసరికి జట్టు 16వ స్థానానికి దిగజారింది. అయినా పాలకవర్గం ఓపిక పట్టింది. 1976లో పాత సహచరుడు, ఆటగాళ్లను ఏరడంలో దిట్ట అయిన పీటర్ టేలర్ వచ్చి చేరాడు. 1977లో జట్టు మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1978లో లీగును, 1979, 1980లలో యూరోపియన్ కప్పును గెలిచింది.

లీడ్స్ 44 రోజులకు మించి భరించలేని మనిషి ఫారెస్ట్‌లో 1993 వరకు కొనసాగాడు.