అద్దాల తొట్టెలోని చేపపిల్లలకు సజీవాహారము

ఇటీవల మొరప్పూరులో కొన్ని ఇండ్ల ముందరి గదులలో అద్దాల తొట్టెలు కనబడుచున్నవి. సేలము నుండియో, చెన్నపట్టణమునందలి కొళత్తూరు చేపల అంగళ్ళ నుండియో గప్పీలు, గురామీలు, ఫైటరు చేపలు ప్లాస్టిక్ సంచులలో రైలుబండి నెక్కి మన ఊరికి దిగుచున్నవి. పెద్ద చేపలు డబ్బాలలో అమ్మెడి ఎండు గుళికలను తిని బాగుగనే బ్రదుకును. చిక్కంతయు అవి పిల్లలను పెట్టినప్పుడే వచ్చును.

కడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఒక గాజుసీసాను చేతబట్టుకొని నా యొద్దకు వచ్చినది. అందు వెండ్రుకవంటి గురామీ పిల్లలు నాలుగైదు అడుగున పడియుండెను. "సార్, వందకు పైగా పుట్టినవి. ఐదు దినములలో ఇవియే మిగిలినవి. పూటపూటకును మేత వేయుచునే యున్నాము" అని చెప్పి ఆ పిల్ల కండ్లనీరు పెట్టుకొనెను. మరునాటికి ఆ నాలుగైదును లేవు. ఏ రోగమును వాటికి రాలేదు. మేత నడుమనే అవి ఆకలిచే చనిపోయినవి. ఆ మాట ఆమెకు చెప్పుటకు నాకు నోరు రాలేదు కాని చెప్పకున్న మరల అదే జరుగును గనుక చెప్పితిని. ఈ వ్యాసమునకు మూలము అదియే.

గురామీ గ్రుడ్డు ఒకటి రెండు దినములలో పగులును. పిల్ల మరి రెండు మూడు దినములు తన కడుపునకు అంటియున్న పచ్చసొనను తిని గడపును. అది తీరిన తరువాత ఈదుటకు మొదలిడును. అప్పుడు దాని నోరు ఎంత చిన్నదనగా, మనము వ్రేళ్ళతో నలిపి చల్లు గుళికపొడి దానికి బండరాయివంటిది. అంతేకాదు, అప్పుడే ఈదనేర్చిన పిల్ల కదలుదానిని చూచియే నోరు తెరచును. కదలని పొడి అడుగునకు దిగి క్రుళ్ళి నీటిని చెరచును. పిల్లవాడు పిల్లలు తినలేదని మరికొంత వేయును. నీరు మరికొంత చెడును. గప్పీ పిల్లలు తల్లి కడుపునుండి పెద్దవిగా పుట్టును గనుక వాటికి ఇంత కష్టము లేదు. గ్రుడ్లు పెట్టు చేపల సంగతియే వేరు.

ఈ తొలి దినముల ఆహారమును ఇన్ఫ్యూసోరియా యందురు. అది ఒక ప్రాణి పేరు కాదు. నీటిలో నానిన ఆకు అలముల యందు పుట్టి పెరుగు సూక్ష్మజీవుల సమూహమునకు పేరు. హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను స్వయముగా నూరి చేసిన కటకములతో 1674వ సంవత్సరమున చెరువునీటిని పరీక్షించి ఇట్టి జీవులను చూచెను. వానిలో మనకు మిక్కిలి ఉపయోగపడునది పారమీసియము. దాని పొడవు మిల్లీమీటరులో నాలుగవ వంతు మాత్రమే. మన పాఠశాలలోని సూక్ష్మదర్శినిలో దానిని చూచినవారు దాని చెప్పు ఆకారమును మరువరు.

దీనిని పెంచుటకు కొనవలసిన వస్తువు ఏదియు లేదు. వరిగడ్డిని గుప్పెడు తీసికొని చిన్న ముక్కలుగా కోసి, రెండు లీటర్ల నీటిలో పావుగంట సేపు కాచి, చల్లారనిచ్చి గాజుజాడీలో పోయవలెను. మందుకొట్టిన పొలపు గడ్డి పనికిరాదు. తరువాత చెరువునీటిని రెండు చెంచాలు చేర్చి, పలుచని గుడ్డను మూతికి కట్టి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచవలెను. రెండవ మూడవ దినములలో నీరు తెల్లబడి వాసన వేయును. ఇంటిలోని పెద్దలు దీనిని పారబోయుడని చెప్పునది సరిగా అప్పుడే! ఆ తెలుపు బాక్టీరియా. సూక్ష్మజీవులకు అదియే ఆహారము. నాలుగవ దినము మొదలు వారములోపల నీరు తేటపడుచు వచ్చును, వాసన తగ్గును. జాడీ వెనుక నల్లని కాగితము నుంచి ప్రక్కనుండి దీపము చూపినచో, ఎండకిరణములో ధూళివలె తెల్లని నలుసులు చలించుట కనబడును. ఆ నలుసులున్న భాగము నుండి గొట్టముతో కొంచెము నీరు తీసి దినమునకు మూడు నాలుగు మారులు పిల్లల తొట్టెలో చుక్కలుగా వదలవలెను. తెల్లగానున్న కుళ్ళునీటిని మాత్రము పోయరాదు.

ఇచట లెక్క వేసి చూడుడు. జాడీ సిద్ధమగుటకు వారము దినములు కావలెను. పిల్ల ఈదుటకు నాలుగైదు దినములు చాలును. కాబట్టి గ్రుడ్లు పెట్టిన తరువాత గడ్డి కాచుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లగును. మగచేప నీటిపై నురుగుగూడు కట్టక పూర్వమే జాడీ సిద్ధముగా నుండవలెను. నన్ను చూడవచ్చిన బాలిక చేయనిది ఇది యొక్కటియే.

పిల్లలు వారము పదిదినముల వయసు వచ్చిన పిమ్మట కొంచెము పెద్ద ఎర కావలెను. అందులకు మోయినా అను జీవిని మించినది లేదని నా అభిప్రాయము. ఇది పురుగు కాదు, రొయ్యకు దూరపు చుట్టము. పెద్దదైనను మిల్లీమీటరున్నరకు మించదు. దీని అన్నగారు డాఫ్నియా. పుస్తకములలో డాఫ్నియా పేరే తరచుగా కనబడును. కాని ఆ పుస్తకములు చలిదేశములలో వ్రాయబడినవి. పెద్దజాతి డాఫ్నియా 20 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున సుఖముగా నుండును. మన చిత్తిరై మాసపు వేడికి అది తాళలేదు. మోయినా 30 డిగ్రీలను కూడ ఓర్చుకొనును.

నలువది లీటర్లు పట్టు వెడల్పైన తొట్టెను సగము నీడ పడుచోట నుంచుడు. చేపలతొట్టె కడిగినప్పుడు పారబోయు పాతనీరు దీనికి శ్రేష్ఠము. కొన్ని దినములు ఎండ తగిలిన ఆ నీరు పచ్చబడును. ఆ పచ్చదనము మోయినాకు పచ్చికబయలు. అపుడు తెలిసినవారి తొట్టెనుండి గాని, వలగుడ్డతో చెరువునుండి గాని తెచ్చిన మోయినాను విడువవలెను. పచ్చదనము చాలనియెడల రొట్టెలకు వాడు ఈస్టును ఒక గ్రాము గోరువెచ్చని నీటిలో కలిపి వడగట్టి పోయవచ్చును. నలువది లీటర్లకు గ్రాము చాలును. మరుసటి మేత నీరు తేటపడిన పిదపనే వేయవలెను. మన ప్రాంతమున వేరుసెనగ పిండియు ఆవుపేడయు సులభముగా దొరకును. వానిని నానబెట్టి ఆ తేటను వాడువారును కలరు. వాసన భరించగలవారు అట్లే చేయవచ్చును.

నాలుగైదు దినములలో మోయినా పిల్ల తల్లియగును. ఇందొక విచిత్రము కలదు. మేత సమృద్ధిగా నున్నంతకాలము తొట్టెలో నున్నవన్నియు ఆడువే. మగజీవి అవసరము లేకయే అవి పిల్లలను కనుచుండును. మేత తగ్గినప్పుడు, గుంపు మిక్కుటమైనప్పుడు మాత్రమే మగవి పుట్టును; అపుడు ఆడుది గట్టి పెంకుగల నిద్రగ్రుడ్లను పెట్టును. చెరువు ఎండినను ఆ గ్రుడ్లు మట్టిలో చెడక యుండి, వానపడినంతనే పగులును. వేసవిలో నెర్రెలు విచ్చిన మన ఏరులలో, మొదటి వానలు కురిసిన కొలది దినములకే ఇవి గుంపులుగా కనబడుటకు కారణమిదియే. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో వీని దేహమున హీమోగ్లోబిన్, అనగా మన రక్తమునకు ఎరుపునిచ్చు పదార్థమే, అధికమగును. తొట్టె ఎర్రబడినచో గాలి చాలుట లేదని తెలిసికొని, నీటిని కలియబెట్టి, కొంత పంటను తీయవలెను.

దినమునకు నాలుగవ వంతుకంటె ఎక్కువ తీయరాదు. ఎంత జాగ్రత్త వహించినను ఒక్కొక్కప్పుడు తొట్టె యంతయు ఒక్క రాత్రిలో నాశనమగును. అందుచే రెండు తొట్టెలు పెట్టుట మంచిది. నా తొట్టె ఒకపరి నా తొందరవలననే చచ్చినది. ఆవిరియైపోయిన నీటికి బదులు కొళాయినీటిని నేరుగా రెండు బిందెలు పోసితిని. తెల్లవారునప్పటికి అడుగున తెల్లని ధూళి మిగిలినది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని భూగర్భజలమున ఫ్లోరైడు అధికమగుటచే, 2013వ సంవత్సరమున ఆరంభమైన హొగెనేకల్ త్రాగునీటి పథకము క్రింద కావేరీజలమును శుద్ధిచేసి పంపుచున్నారు. కొళాయినీటిలో కలుపు క్లోరిను మనలను కలరా మొదలగు వ్యాధులనుండి కాపాడును. అదే క్లోరిను మోయినాను చంపును. వెడల్పైన పాత్రలో ఒక దినమెల్ల గాలి తగులునట్లు ఉంచిన నీటినే పోయవలెను. డాఫ్నియా విషములకు ఎంత సుకుమారమనగా, నీటిలో విషమున్నదో లేదో పరీక్షించుటకు దేశదేశముల ప్రయోగశాలలలో దానిని వాడుదురు. కావున పురుగుమందు జల్లిన పొలపు కాలువనీరు తొట్టె దరికి రారాదు.

ఇక తల్లిదండ్రులు తప్పక చదువవలసిన విషయము. చేపలకు మిక్కిలి ఇష్టమైన సజీవాహారములలో దోమపిల్ల ఒకటి. తెరచి యుంచిన తొట్టెలో అది తనంతట తానే పుట్టును. దీనిని చూచి కొందరు బాలురు దోమలకొరకే డబ్బాలలో నీరు నిలుపుట నేనెరుగుదును. ఈ పని ఎంతమాత్రము కూడదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమ అనాఫిలిస్ జాతిది. డెంగీ జ్వరమును తెచ్చు ఏడిస్ దోమ మన ఇంటి నీటితొట్టెలలోనే, పూలకుండీల పళ్ళెములలోనే గ్రుడ్లు పెట్టును. వేడిదినములలో వారము పదిదినములకే గ్రుడ్డు దోమయై ఎగిరిపోవును. మూడు చేపపిల్లల విందునకై ఒక ఇంటివాడు వీథివారినందరిని జ్వరమునకు ఒప్పగించుట న్యాయమా? పచ్చనీటి తొట్టెకైనను, గడ్డిజాడీకైనను సందులేని పలుచని గుడ్డ కట్టియే తీరవలెను. పొరపాటున దోమపిల్లలు కనబడినచో ఆ దినమే వలతో తీసి చేపలకు వేయుడు, ఒక్కటియు మిగులరాదు. తీయుటకు ముందు ఒక్క నిమిషము పరిశీలించుడు. నీటిమట్టమునకు సమానముగా పండుకొనియున్నది అనాఫిలిస్ పిల్ల. తలక్రిందుగా వ్రేలాడునది ఏడిస్ గాని క్యూలెక్సు గాని యగును.

ట్యూబిఫెక్సు అను ఎర్రని సన్నపురుగులను అంగళ్ళలో అమ్ముదురు. అవి మురుగుకాలువల బురదలో పెరుగునవి. వానితో రోగములును తొట్టెకు వచ్చును. నేను కొనను.

ధనము కొంత వెచ్చింపగలవారికి ఆర్టీమియా కలదు. ఇది ఉప్పుమళ్ళలో బ్రదుకు చిన్న రొయ్యజాతి. మన రాష్ట్రమున తూత్తుకుడి ఉప్పుమళ్ళలోను కలదు. దాని ఎండుగ్రుడ్లు ఇసుకపొడివలె నుండి, గాలి తగులని డబ్బాలో సంవత్సరములు నిలుచును. 1933 ప్రాంతమున అమెరికాలో ఆల్విన్ సీల్ అను నాతడు దీని పిల్లలు చేపపిల్లలకు మంచి ఆహారమని చూపెను. లీటరు నీటిలో 25 గ్రాముల రాళ్ళుప్పు కరగించి, చిటికెడు గ్రుడ్లు వేసి, గాలిపంపు గొట్టముతో బుడగలు వచ్చునట్లు చేసినచో ఒకటి ఒకటిన్నర దినములలో నారింజరంగు పిల్లలు పుట్టును. పంపును ఆపి పదినిమిషములు నిలిపిన పెంకులు పైకి తేలును. ప్రక్కన దీపమునుంచిన పిల్లలు వెలుగువైపు చేరును. వానిని గొట్టముతో తీసి మంచినీట కడిగి వెంటనే వేయవలెను. పెంకులు తిన్న చేపపిల్లకు అజీర్ణమగును. పుట్టినప్పుడే వీని కడుపులో పచ్చసొన నిండియుండును గనుక, ఆలస్యము చేసినకొలది బలము తగ్గును. చారలు గల జీబ్రాచేప పిల్లలను పెంచు ప్రయోగశాలలు దీనినే వాడుచున్నవి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును ఆ చేపపై పరిశోధనలు జరుగుచున్నవి. మన దేశపు చేపయే అది. 1822లో గంగానది మత్స్యములను గూర్చిన గ్రంథమున దానిని మొదట వర్ణించిన ఫ్రాన్సిస్ బుకానన్, 1800లో చెన్నపట్టణమునుండి మైసూరు సీమకు పయనించి పంటలను, పరిశ్రమలను గూర్చి వ్రాసిన వాడే.

పంపు లేనివారు గోధుమపిండి జావలో సన్నపురుగులను పెంచవచ్చును. గట్టిగా కాచి చల్లార్చిన జావను వెడల్పు డబ్బాలో వ్రేలెడు మందమున పోసి, చిటికెడు ఈస్టు చల్లి, పెంపకందార్ల యొద్దనుండి తెచ్చిన విత్తనమును ఒక చెంచా వేసిన, నాలుగైదు దినములలో పురుగులు డబ్బా గోడలపైకి ప్రాకును. వ్రేలితో తుడిచి నీటిలో కడుగుటయే. రెండు వారములకు పుల్లని వాసన వచ్చును. అప్పుడు క్రొత్తజావకు మార్చవలెను. వంటయింటిలో ఈ డబ్బాను ఉంచకుడు. మా ఇంట పెరుగుగిన్నె ప్రక్కన ఉంచినందున జరిగిన రభస ఇచట వ్రాయదగినది కాదు.

వీటి పాత్రలు, వలలు, గరిటెలు వేరుగా నుండవలెను. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగవలెను. పెంచలేక మిగిలిన చేపలను చెరువులో విడువక మరియొకరికి ఇయ్యవలెను.

ఆ బాలిక ఈ సంవత్సరము వినాయకచవితికి ముందే రెండు జాడీలు సిద్ధము చేసికొనెను. ఈసారి పుట్టిన పిల్లలలో ముప్పదిరెండు ఇప్పటికి గోరంత యైనవి. నా మోయినా తొట్టె ప్రస్తుతము బాగుగా కాసియున్నది. విత్తనము కావలసినవారు సాయంకాలము బడి విడిచిన తరువాత మూతికి కట్టుటకు గుడ్డతోసహా ఒక సీసా తెచ్చుకొనవచ్చును.